సొంత బండి మీద లద్దాఖ్ వెళ్లాలనుకునే వారికి: దూర ప్రయాణం, మట్టి దారుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బండి నేర్చుకున్న ప్రతి ఒక్కరి మనసులోనూ ఒక రోడ్డు ఉంటుంది. మన ప్రాంతంలో ఆ రోడ్డు చాలామందికి లద్దాఖ్‌దే. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం ఊళ్లను తాకుతూ పోయే 44వ నంబరు జాతీయ రహదారి కన్యాకుమారిని శ్రీనగర్‌తో కలుపుతుంది కాబట్టి, ఆ కోరికకు దారి మన ఇంటి దగ్గరే మొదలవుతుందని చెప్పవచ్చు. కొత్తగా ఈ ఆలోచనతో వచ్చేవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు, ఆ దారిలో తిరిగిన అనుభవంతో నాకు తెలిసినంతవరకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నది 150 సీసీ బండి. దానితో లద్దాఖ్ వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. ఏటా 100, 125 సీసీ బండ్ల మీద కూడా ఎంతోమంది వెళ్లి వస్తున్నారు. అయితే ఎత్తుకు పోయేకొద్దీ ఇంజిన్ బలం ఎందుకు తగ్గుతుందో ముందుగా తెలుసుకోవాలి. 5,000 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగమే ఉంటుంది. గాలి పలచబడితే సిలిండర్‌లోకి చేరే ప్రాణవాయువు తగ్గుతుంది, దానితో బలమూ తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం తగ్గుతుందని లెక్క వేసుకోవచ్చు. అంటే ఇక్కడ మూడో గేరులో ఎక్కే చడావు అక్కడ మొదటి గేరు అడుగుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి గాలికి తగినట్టు పెట్రోలును తానే సరిచేసుకుంటుంది. కార్బ్యురేటర్ బండి మాత్రం పెట్రోలు ఎక్కువై నల్లపొగ వదులుతుంది, ప్లగ్గు మసిబారుతుంది. చిన్న బండి మీద వెనుక మనిషినీ, రెండు వైపులా నిండు సంచులనూ పెట్టుకుని వెళ్లడం మాత్రం నేను వద్దనే చెబుతాను.

కొత్త బండి కొనాలనుకుంటే ఏది తీసుకోవాలి?

రెండు కాళ్లూ నేలకు ఆనేది, పడిపోతే మీరొక్కరే లేపగలిగేది తీసుకోండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో రావడంతో మన దేశంలో ఈ తరహా బండి మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. 2023 చివరలో అదే పేరుతో 452 సీసీ ఇంజిన్ బండి వచ్చింది. తేలికగా ఉండి మట్టిలో తిరగడానికి అనువైనది కావాలంటే 2019 నుంచి హీరో ఎక్స్‌పల్స్ 200 ఉంది. నా అభిప్రాయంలో, మట్టి దారి నేర్చుకునే దశలో ఉన్నవారికి తేలికైన బండే గురువు. బరువైన బండి మీ పొరపాటును బలంతో కప్పిపుచ్చుతుంది, తేలిక బండి దాన్ని వెంటనే చూపిస్తుంది. ఏది కొన్నా, కొన్న నెలలోనే పెద్ద ప్రయాణం పెట్టుకోకండి.

ఎంతకాలం ముందు నుంచి సాధన చేయాలి? మన దగ్గర అందుకు తగిన దారులు ఉన్నాయా?

ఆరు నెలలు చాలు, కానీ ఆ ఆరు నెలలూ నిజంగా నడపాలి. మొదట ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేలా 150 కిలోమీటర్లు, తర్వాత 300, ఆ తర్వాత వరుసగా రెండు రోజులు రోజుకు 400 చొప్పున నడిపి చూడండి. రెండో రోజు ఉదయం లేవగానే మెడ, మణికట్లు, నడుము ఏం చెబుతున్నాయో గమనించండి. శరీరం సిద్ధంగా ఉందో లేదో తెలిసేది అప్పుడే.

ఘాట్ రోడ్డు నేర్చుకోవడానికి మన రెండు రాష్ట్రాల్లో చోట్లకు కొదవ లేదు. హైదరాబాద్ వైపు వారికి మన్ననూరు దాటి నల్లమల గుండా శ్రీశైలం వెళ్లే దారి ఉంది. అది పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టు మూసి ఉంటుందని గుర్తుంచుకుని బయలుదేరాలి. కోస్తా వారికి మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లే ఘాట్, విశాఖ నుంచి అరకు, పాడేరు, లంబసింగి వైపు దారులు ఉన్నాయి. రాయలసీమ వారికి హార్స్‌లీ హిల్స్ ఉంది.

వీటిలో ఒక్కటే చెప్పమంటే నేను మారేడుమిల్లి ఘాట్ చెబుతాను. అక్కడ మలుపులు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి, చెట్ల నీడ వల్ల రోడ్డు చాలాచోట్ల తడిగానే ఉంటుంది, వెదురు ఆకులు రాలి జారుడుగా ఉంటుంది, ఎదురుగా లారీ వస్తే హారన్ వినిపించేదాకా కనపడదు. మలుపుకు ముందే వేగం తగ్గించి, గేరు మార్చి, చూపును మలుపు చివర నిలిపి, మన ఎడమ పక్కనే ఉండి తిరగడం ఆ ఘాట్‌లో పదిసార్లు తప్పకుండా చేయగలిగినవారికి హిమాలయాల్లో మలుపులు కొత్తగా ఉండవు.

హైదరాబాద్ నుంచి నడుపుకుంటూ వెళ్లాలా, బండిని రైలులో పంపాలా?

సెలవు పద్ధెనిమిది రోజులకు మించి ఉంటే నడుపుకుంటూ వెళ్లండి. నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, సాగర్, ఝాన్సీ, ఆగ్రాల మీదుగా ఢిల్లీకి 1,500 కిలోమీటర్ల పైచిలుకు దూరం. నాలుగు రోజుల్లో హాయిగా చేరవచ్చు. సెలవు తక్కువైతే బండిని రైల్వే పార్సిల్‌లో ఢిల్లీకో చండీగఢ్‌కో పంపడం మంచిది. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్లు ఇవ్వాలి, అద్దాలు విప్పి, గోనెపట్టాతో గట్టిగా చుట్టించాలి. మీరు చేరడానికి కనీసం మూడు రోజుల ముందు బండి బయలుదేరేలా చూసుకోండి. పార్సిల్ మీ రైలులోనే వస్తుందన్న భరోసా ఉండదు.

నగరం నుంచి బయటపడేటప్పుడు ఒక జాగ్రత్త: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. ఢిల్లీ-ముంబయి ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా అంతే. మ్యాప్ చూపించిన దారిని గుడ్డిగా నమ్మితే ఇలాంటి చోట ఇరుక్కుంటారు.

ఏ నెలలో వెళ్లాలి? శ్రీనగర్ వైపు నుంచా, మనాలీ వైపు నుంచా?

మంచు తొలగించి దారులు తెరిచాక, అంటే మామూలుగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు వెళ్లవచ్చు. జూలై, ఆగస్టుల్లో మనాలీ వైపు వానలు, కొండచరియలు విరగడం ఎక్కువ. సెప్టెంబరు మొదటి సగం నాకు ఇష్టమైన కాలం. ఆకాశం తేటగా ఉంటుంది, మంచు కరిగి పారే వాగుల్లో నీరు తగ్గుతుంది.

వైపు విషయంలో నా సలహా మారదు: శ్రీనగర్ నుంచి ఎక్కండి, మనాలీకి దిగండి. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపు ఎత్తులో ఉంది, కార్గిల్ సుమారు 2,700, లేహ్ 3,500. శరీరం మెట్టు మెట్టుగా అలవాటు పడుతుంది. మనాలీ నుంచి వెళ్తే సుమారు 2,000 మీటర్ల నుంచి ఒకటి రెండు రోజుల్లోనే 4,890 మీటర్ల బారాలాచా కనుమ దాటి, 4,200 మీటర్ల పైన సర్చూలో పడుకోవలసి వస్తుంది. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే శ్రమ తప్పింది. కానీ అదే సొరంగం వల్ల కొత్తవారు మరింత త్వరగా ఎత్తుకు చేరి, మరింత త్వరగా జబ్బుపడుతున్నారని నాకు అనిపిస్తుంది.

ఎత్తు ప్రదేశాల్లో వచ్చే జబ్బు గురించి అంతగా భయపడాలా?

భయం వద్దు, గౌరవం కావాలి. మొత్తం ప్రయాణంలో ప్రాణానికి సంబంధించిన విషయాలు రెండే: రోడ్డు, ఎత్తు. రోడ్డు ప్రమాదం కంటికి కనిపిస్తుంది. ఎత్తు మాత్రం రాత్రి నిద్రలో వచ్చి పట్టుకుంటుంది.

మొదట తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. ఇవి ఉన్నప్పుడు ఇంకా పైకి వెళ్లకూడదు. నడకలో తూలినా, మాట తడబడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, దగ్గులో నురగ పడినా, అది మెదడుకో ఊపిరితిత్తులకో నీరు చేరుతున్న లక్షణం. అప్పుడు తెల్లవారేదాకా ఆగడం కూడా తప్పే, వెంటనే కిందికి దించాలి. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ముందు రోజు కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని వైద్యులు చెప్పే నియమం. మన దారుల్లో దాన్ని ప్రతి రోజూ పాటించడం కుదరదు కాబట్టి, లేహ్‌లో దిగగానే రెండు రాత్రులు పూర్తి విశ్రాంతి తీసుకోవడం తప్పనిసరి. అసెటజోలమైడ్ మాత్రలు ముందుగా వేసుకునేవారు ఉన్నారు. సల్ఫా మందులు పడనివారికి, కొన్ని జబ్బులు ఉన్నవారికి అది సరిపడకపోవచ్చు కాబట్టి మీ డాక్టరును అడగకుండా వేసుకోకండి. మద్యం, నిద్రమాత్రలు అసలే వద్దు.

ఒకసారి సర్చూ గుడారంలో మా బృందంలోని ఒక యువకుడు రాత్రి భోజనం వద్దన్నాడు. అలసట అనుకున్నాం. పదకొండు గంటలకు బూటు లేసులు కట్టుకోబోయి, ఒకే ముడిని నాలుగుసార్లు మొదలుపెట్టి, పూర్తి చేయలేక, అలాగే లేసు కొసలు చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ చేతులు చూశాకే నాకు విషయం అర్థమైంది. అందుబాటులో ఉన్న జీపు మాట్లాడుకుని ఆ రాత్రే జిస్పా వైపు దించాం. కిందికి చేరిన కొన్ని గంటల్లోనే తేరుకుని టీ అడిగాడు. అప్పటి నుంచి రాత్రి భోజనం వద్దన్న ప్రతి మనిషినీ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడిస్తున్నాను.

పెట్రోలు దొరకదని అంటారు, నిజమేనా?

మనాలీ-లేహ్ దారిలో టాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు ఈ దారిన వెళ్లినవారందరికీ గుర్తుంటుంది. ఆ లెక్కతోనే సిద్ధం కండి. కొండల్లో మైలేజీ తగ్గుతుంది. మైదానంలో లీటరుకు 38 ఇచ్చే బండికి అక్కడ 28 అని లెక్క వేసుకుంటే 365 కిలోమీటర్లకు 13 లీటర్లు కావాలి. ట్యాంకు చిన్నదైతే అయిదు లీటర్ల లోహపు డబ్బా ఒకటి సరిపోతుంది. ప్లాస్టిక్ సీసాల్లో నింపి సైలెన్సరు పక్కన కట్టడం చాలా ప్రమాదం.

ప్రపంచంలోకెల్లా ఎత్తైన రోడ్డు లేహ్ దగ్గరి ఖార్‌దుంగ్‌లా కనుమదే కదా?

కాదు. అక్కడి బోర్డు మీద ఏళ్ల తరబడి 18,380 అడుగులని ఉండేది, కొలతల ప్రకారం దాని ఎత్తు 17,582 అడుగులు. సరిహద్దు రహదారుల సంస్థ వేసిన ఉమ్లింగ్‌లా రోడ్డు 19,024 అడుగుల ఎత్తుతో 2021లో గిన్నిస్ రికార్డు అందుకుంది. మొదటి ప్రయాణంలోనే ఉమ్లింగ్‌లా పెట్టుకోకండి.

మట్టి దారిలో బండి నడపడం ఎలా నేర్చుకోవాలి?

ఇంటికి దగ్గరలో ఖాళీ స్థలం, లేదా పంట కోశాక రైతు అనుమతితో ఒక చేను చూసుకోండి. మొదటి పాఠం నిలబడి నడపడం. ఫుట్‌రెస్టుల మీద పాదాల మధ్యభాగం మోపి లేచి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, మోచేతులు కొంచెం వంచి, హ్యాండిల్‌ను వదులుగా పట్టుకోవాలి. హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. దాన్ని బిగబట్టి సరిచేయాలని చూసినవారే పడతారు. ముందు చక్రం దారిని తానే వెతుక్కుంటుంది. చూపు మాత్రం పదిహేను ఇరవై మీటర్ల ముందు ఉండాలి. రాయిని చూస్తే రాయి మీదికే వెళ్తాం, రాయి పక్కన ఉన్న దారిని చూస్తే దారిలో వెళ్తాం.

రెండో పాఠం బ్రేకు. తారు రోడ్డు మీద ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. తేలిన కంకరలో దాన్ని ఒక్కసారిగా నొక్కితే ముందు చక్రం జారిపోతుంది కాబట్టి ఒక వేలితో, నెమ్మదిగా, వెనుక బ్రేకుతో కలిపి వాడాలి. వెనుక ఏబీఎస్‌ను (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటును) ఆపే సౌకర్యం ఉన్న బండి అయితే మట్టిలో ఆపుకోవచ్చు, తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ వేసుకోవాలి. మూడోది ఇసుక. ఇసుకలో వేగం తగ్గిస్తే చక్రం కూరుకుపోతుంది. బరువు వెనక్కి వేసి, యాక్సిలరేటర్ నిలకడగా ఇస్తూ పోవాలి. టైర్లలో గాలి 30 నుంచి 20-22 పీఎస్ఐకి తగ్గిస్తే పట్టు బాగా పెరుగుతుంది. తిరిగి తారు ఎక్కేముందు నింపుకోవడానికి చేతి పంపు దగ్గర ఉండాలి.

నెలకు రెండు ఆదివారాలు, మూడు నెలలు ఇలా చేసినవారికి ఆ తర్వాత తారు రోడ్డు మీద కూడా బండి నడిపే తీరు మారిపోతుంది. ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన విషయం.

పారే వాగును ఎలా దాటాలి?

ముందు దిగి చూడాలి. ఇంకో బండి దాటేదాకా ఆగి, నీరు దాని చక్రంలో ఎంతవరకు వచ్చిందో గమనించాలి. ఎవరూ రాకపోతే, ప్రవాహం మోకాలి లోపే ఉంటే కర్రతో పొడిచి చూస్తూ నడిచి రావాలి. మోకాలు దాటి గట్టిగా పారుతుంటే ఆ రోజు దాటకూడదు. మంచు కరిగి వచ్చే వాగులు ఉదయం తక్కువగా, మధ్యాహ్నం ఎండకు ఉధృతంగా పారతాయి కాబట్టి లద్దాఖ్, స్పితిల్లో ఇలాంటి చోట్లను ఉదయం పది లోపే దాటేలా బయలుదేరాలి. మొదటి గేరులో, ఒకే రేజ్ మీద, ఆగకుండా, అవతలి ఒడ్డును చూస్తూ వెళ్లాలి.

మారేడుమిల్లి అడవిలో ఒక చిన్న వాగులో నేను ఇవన్నీ తెలిసీ పడ్డాను. ముందు చక్రం కిందికి ఒక గుండ్రాయి వచ్చింది, నేను నీళ్లలోకి చూశాను, అంతే. బండి పక్కకు ఒరిగి ఇంజిన్ నీళ్లు మింగి ఆగిపోయింది. అలాంటప్పుడు సెల్ఫ్ నొక్కకూడదు. సిలిండర్‌లో నీరు ఉండగా ఇంజిన్ తిరిగితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒడ్డుకు తోసి, ప్లగ్గు విప్పి, ఎయిర్ ఫిల్టర్ తీసి పిండి, బండిని గేరులో పెట్టి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పాను. ప్లగ్గు రంధ్రం నుంచి నీరు పిచికారీలా ఎగిరి నా చొక్కా మీద పడింది. నీరు రావడం ఆగి, వట్టి గాలి వచ్చేదాకా తిప్పి, ప్లగ్గు తుడిచి బిగించాక బండి స్టార్టయింది. ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే చిన్న అద్దంలో పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే ఆయిల్ మార్చకుండా నడపకూడదు.

అడవిలో, చెరువుల్లో ఎక్కడైనా బండి తిప్పవచ్చా?

తిప్పకూడదు. రక్షిత అడవుల్లోకి అనుమతి లేకుండా బండి తీసుకెళ్లడం నేరం. పాంగాంగ్ సరస్సు నీళ్లలోకి వాహనాలు దించినవారి మీద లద్దాఖ్ పోలీసులు చర్యలు తీసుకున్నారు. త్సో మోరీరి, త్సో కార్ సరస్సుల ఒడ్లు నల్లమెడ కొంగలు గూళ్లు పెట్టే చోట్లు, రాంసర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేలలు. అక్కడి గడ్డి మీద పడిన చక్రపు జాడ ఆ చలిలో ఏళ్ల తరబడి మానదు. దయచేసి వేసి ఉన్న దారి వదలకండి.

బయలుదేరే ముందు బండికి ఏమేం చేయించాలి?

పదిహేను రోజుల ముందే సర్వీసింగ్ చేయించి, ఆ తర్వాత కనీసం 300 కిలోమీటర్లు నడిపి చూడండి. నేను ఒకసారి రెండు రోజుల ముందు ఒక వర్క్‌షాపులో చేయించాను. వాళ్లు చైన్‌ను చాలా బిగుతుగా పెట్టి ఇచ్చారు. సామాను కట్టి కూర్చున్నాక వెనుక సస్పెన్షన్ కుంగడంతో అది ఇంకా బిగుసుకుంది, నిర్మల్ దాటేసరికి కింద నుంచి సన్నగా ఏడుపు లాంటి చప్పుడు. రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఆపి, యాక్సిల్ నట్టు వదులు చేసి సరిచేసుకున్నాను. చూసుకోకుండా వెళ్లి ఉంటే గేర్‌బాక్సు బేరింగు పోయేది. చాలా బండ్లకు చైన్ మధ్యలో రెండున్నర మూడు సెంటీమీటర్ల ఊగు ఉండాలి, మీ బండికి ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. సామానుతో, మనిషి కూర్చున్నాక కూడా కొంత ఊగు మిగలాలి.

వెంట ఉండవలసినవి: పంక్చరు సామగ్రి, చేతి పంపు, విడి క్లచ్ తీగ, బ్రేకు లీవరు, ప్లగ్గు, ఫ్యూజులు, చైన్ లింకు, బండికి సరిపడే పానాలు. పంక్చరు ఇంటి దగ్గర ఒకసారి సొంత చేతులతో వేసి చూడని మనిషి సంచిలో ఆ సామగ్రి ఉన్నా లేనట్టే.

హెల్మెట్, దుస్తుల మీద అంత ఖర్చు అవసరమా?

అవసరం. నిండు హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. భుజం, మోచేయి, వీపు, మోకాలి రక్షణ కవచాలున్న జాకెట్, ప్యాంటు, చీలమండను కప్పే బూట్లు, చేతి తొడుగులు కొనండి. డబ్బు తక్కువైతే బండి హంగులు మానుకుని ఇవి కొనండి. మే చివరి ఎండలో ఆదిలాబాద్ దగ్గర 44 డిగ్రీల్లో, ఆ తర్వాత కొండల్లో సున్నా దగ్గర, రెండు చోట్లా అదే ఒంటి మీద ఉండాలి కాబట్టి జాలీ జాకెట్, లోపల వేసుకునే వెచ్చని పొర విడివిడిగా ఉండేది మేలు.

కాగితాలు, ఫోన్ సంగతి?

లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, కాలుష్య ధ్రువపత్రం అసలువో, డిజిలాకర్‌లోవో ఉండాలి. నెట్‌వర్క్ లేనిచోట పనికొచ్చేది కాగితమే. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. లేహ్‌లో కట్టవలసిన పర్యావరణ రుసుము, అనుమతుల నియమాలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారంలో జిల్లా యంత్రాంగం పోర్టల్‌లో చూసుకోండి. అమెరికాలోనో మరో దేశంలోనో పౌరసత్వం తీసుకున్న మన వాళ్లు ఓసీఐ కార్డు ఉన్నా నుబ్రా, పాంగాంగ్‌లకు విదేశీయుల్లాగే రక్షిత ప్రాంత అనుమతి తీసుకోవాలి. మనాలీలోనో ఢిల్లీలోనో అద్దెకు తీసుకున్న బండితో లేహ్ చుట్టుపక్కల తిరగడానికి అక్కడ బండ్లు అద్దెకిచ్చే స్థానికులు ఒప్పుకోరు, అక్కడ వేరే బండి తీసుకోవలసి వస్తుంది.

ర్యాలీ పోటీల్లో పాల్గొనాలని ఉంది. మనవాళ్లకు సాధ్యమా?

సాధ్యమేనని చూపించినవారు ఉన్నారు. 2015లో సి.ఎస్. సంతోష్, రోజుల తరబడి ఎడారుల్లో సాగే డకార్ ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడయ్యాడు. 2019లో ఐశ్వర్య పిస్సే బాజా (మట్టి, ఇసుక దారుల్లో జరిగే చిన్న ర్యాలీల) ప్రపంచ కప్పు మహిళల విభాగంలో గెలిచింది. 2024 డకార్‌లో కేరళకు చెందిన హరిత్ నోవా ర్యాలీ-2 తరగతిలో మొదటి స్థానం, మొత్తంమీద 11వ స్థానం సాధించాడు. తెలుగు నేల నుంచి ఆ వరుసలో ఒక పేరు చూడాలని నాకు ఎంతో ఆశ. మొదలుపెట్టేవారు మోటోక్రాస్ (మట్టి పందేల) మైదానంలో, శిక్షకుడి దగ్గర మొదలుపెట్టండి. మామూలు బండి ఇన్సూరెన్సు పోటీల్లో జరిగే నష్టానికి వర్తించదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

మాటలతో ఒప్పించకండి. అమ్మానాన్నల భయం నిజమైనదే. ముందు శ్రీశైలం వెళ్లి, చెప్పిన సమయానికి తిరిగి రండి. అలా నాలుగైదుసార్లు జరిగాక రోజువారీ మజిలీలు, బస చేసే చోట్ల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. చీకటి పడ్డాక నడపనని మాటివ్వండి, దాన్ని నిలుపుకోండి.

తిరిగి వచ్చాక బండికి ఏం చేయాలి?

మొదటి ఆదివారమే కడిగి, ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ మార్చించండి. చక్రపు పుల్లలను ఒక్కొక్కటిగా స్క్రూడ్రైవరుతో తట్టి వినండి. అన్నీ ఒకే స్వరంలో మోగితే సరే, మొద్దు చప్పుడు వచ్చిన పుల్ల వదులైనట్టు. స్టీరింగ్ బేరింగు, బ్రేకు ప్యాడ్లు, ముందు ఫోర్కు దగ్గర ఆయిల్ మరకలు చూడండి. సంచులు కట్టిన చోట ఫ్రేమ్ అతుకుల దగ్గర సన్నని పగుళ్లు ఉన్నాయేమో పగటి వెలుతురులో, తడిగుడ్డతో తుడిచి మరీ చూడండి.